గోరింట కంచె

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి మాన్వి, సింధనూరు వైపు వచ్చిన తెలుగు రైతులు ఇక్కడ క్యాంపులనే పల్లెలు కట్టుకున్నారు. ఆ ఇళ్ల చుట్టూ కంపదడి కన్నా పచ్చని కంచె ఉంటే ఎంత బాగుంటుంది! ఈ ఎండలకు నా ఓటు గోరింటకే. వేళ్లు పట్టాక నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది. ఆషాఢంలో కత్తిరించిన ఆకు ఆడపిల్లల చేతులకు పండుతుంది.

తొలకరి పడగానే పెన్సిలు లావు కొమ్మలు జానెడేసి కోసి, అడుగు ఎడంగా నాటండి. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి, గట్టు పోసి నాటడం మేలు. మొక్క మోకాలెత్తు రాగానే తలలు తుంచేయాలి. మనసొప్పదు, నిజమే. కానీ తుంచిన చోటి కింద ఎదురెదురుగా చిగుళ్లు వచ్చి మొదలు గుబురెక్కుతుంది. ఆపైన ఎప్పుడు కత్తిరించినా కింద వెడల్పు, పైన సన్నం. పైన విస్తరిస్తే కింది ఆకులకు ఎండ తగలదు, సందులు పడతాయి, మేకపిల్లలు దూరిపోతాయి.

జెముడు కూడా మొండిదే గానీ, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం; పిల్లలున్న ఇంట వద్దు. కత్తెర పట్టేముందు గుబుర్లో పిట్టగూడు ఉందేమో చూడండి. గుడ్లుంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పక్క ముట్టుకోకండి.