పంచుకుంటే తరగని పాపం

రోడ్డు మీద మనిషి ప్రాణం పోయినప్పుడు మన సమాజం మొదట అడిగే ప్రశ్న 'ఎలా జరిగింది?' అని కాదు, 'ఎవరు చేశారు?' అని. ఆ ప్రశ్నకు జవాబు కూడా ముందే సిద్ధంగా ఉంటుంది. మృతుల గుర్తింపు పూర్తికాక మునుపే 'డ్రైవరు నిర్లక్ష్యమే కారణం' అన్న వాక్యం పత్రికల్లోనూ ప్రాథమిక నివేదికల్లోనూ స్థిరపడుతుంది. ఈ జవాబు చాలాసార్లు అసత్యం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించారనీ, వారిలో నూటికి డెబ్భై మందికి పైగా అతివేగానికి బలైనవారేననీ కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కలు చెబుతున్నాయి. వేగాన్ని ఎంచుకునేది మనిషే గాని యంత్రం కాదు. అయితే అసత్యం కాని జవాబు సంపూర్ణమైన జవాబు కూడా అయి ఉండాలన్న నియమం లేదు.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లాలో కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్.టి.సి. బస్సు అదుపు తప్పి లోయలో పడింది. అరవై మందికి పైగా మరణించారు. బస్సులో ఆ సమయాన వంద మందికి మించి ఉన్నారు. డ్రైవరు కూడా మృతుల్లో ఒకడు. ఉత్తమ డ్రైవరుగా కొద్ది వారాల క్రితమే ప్రశంస అందుకున్నవాడని అప్పటి పత్రికలు రాశాయి. డిపో మేనేజరును సస్పెండు చేశారు. చనిపోయినవాడిపై విచారణ ఉండదు. మందలింపులు, బదిలీలు ఫైళ్ళలో సాగుతాయి. ఇంతకూ ఆ అరవై ప్రాణాల బాధ్యత ఎవరిది? అంత బరువుతో వాలులో బస్సును దింపినవాడిదా? నిండిన బస్సులోకి ఇంకా ఎక్కించుకోవడం మామూలైపోయిన ఏర్పాటుదా? ఆ దారిని, ఆ బస్సును, ఆ వేళను నిర్ణయించినవారిదా?

ఇటువంటి సందర్భాల్లో రెండు వాదాలు వినిపిస్తాయి. డ్రైవరును కఠినంగా శిక్షిస్తే తక్కినవారికి బుద్ధి వస్తుందన్నది మొదటిది. ఇది పాతది. డ్రైవరు నిమిత్తమాత్రుడు, అసలు దోషం వ్యవస్థది అన్నది రెండవది. ఇది చదువుకున్నవారికి ఇష్టమైనది. పైకి విరుద్ధంగా కనిపించినా ఈ రెండింటికీ ఒకే పునాది ఉన్నది. బాధ్యత అనేది తండ్రి విడిచిపోయిన పొలం వంటిదనీ, ఒకరి వాటా పెరిగితే మరొకరి వాటా తగ్గక తప్పదనీ రెండు పక్షాలూ నమ్ముతున్నాయి. నాకు ఈ నమ్మకమే సందేహాస్పదంగా తోస్తుంది.

బండి తొక్కి మనిషి చనిపోతే ఎవరిని దండించాలన్న ప్రశ్న మోటారుతో పుట్టినది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో దీనిపై తీర్మానాలు ఉన్నాయి. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు విరిగినా, తోలేవాడు 'తప్పుకోండి' అని కేకవేసినా దండన లేదు. తోలేవాడి చేతగానితనం వలన బండి దారి తప్పి హాని కలిగితే దండుగ కట్టవలసినవాడు యజమాని. తోలేవాడు నేర్పరి అయితే అతడే దండనార్హుడు. తోలేవాడు నేర్పరి కానప్పుడు బండిలో కూర్చున్నవారందరూ తలకు నూరేసి కట్టాలి. మనిషికొక విలువ కట్టిన ఆ గ్రంథంలోని దండనీతిని నేడు ఎవరూ కోరుకోరు, కోరుకోకూడదు కూడా. కాని ఈ నాలుగు మాటల్లో ఒక సూక్ష్మదృష్టి ఉన్నది. చేతగానివాడికి పగ్గాలు అప్పగించిన యజమాని, చేతగానివాడని తెలిసీ ఎక్కి కూర్చున్న ప్రయాణికుడు, ఇద్దరూ ఆ శాస్త్రకారుడి కంటపడ్డారు. మన శిక్షాస్మృతి కంట అంత సులభంగా పడరు.

ప్రయాణికుడికి దండన అనగానే మనస్సు ఎదురుతిరుగుతుంది. కిక్కిరిసిన బస్సు ఎక్కే పల్లెటూరి మనిషికి తరువాతి బస్సు ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో తెలియదు. ఎక్కకపోతే ఆనాటి కూలి పోతుంది, ఆసుపత్రి వేళ దాటిపోతుంది. వేరే దారి లేని ఆ మనిషిని, అర్ధరాత్రి స్నేహితుడి కారులో కూర్చుని 'ఇంకా తొక్కు' అని ఉత్సాహపరిచే యువకుణ్ణి ఒకే గాటన కట్టడం అన్యాయం. స్వేచ్ఛ ఎంత ఉంటే బాధ్యత అంత. ఈ కొలతతో చూస్తే కొండగట్టు బస్సులో అందరికన్నా తక్కువ బాధ్యత గలవారు ప్రయాణికులే. అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించినవారూ వారే.

చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు నలుగురూ సమభాగులని మన పెద్దలు చెబుతూ వచ్చారు. సమభాగులంటే తలకు పావువంతు అని కొందరు అర్థం చేసుకుంటారు. నాకు అలా తోచదు. చేసినవాడికి ఎంతో తక్కిన ముగ్గురికీ అంతే అని దాని భావం. మరో ముగ్గురు తోడైనంత మాత్రాన చేసినవాడి పాపం ముప్పాతిక తరిగిపోదు. విచిత్రమేమంటే, డబ్బు విషయంలో మన న్యాయస్థానాలు ఈ భావాన్ని అంగీకరించాయి. రెండు వాహనాల డ్రైవర్ల తప్పు వలన మూడవ మనిషి మరణిస్తే, అతడి కుటుంబం మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఏ ఒక్కరి నుంచైనా రాబట్టుకోవచ్చునని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వారిద్దరి మధ్య వాటాల లెక్క ఆ తరువాతి సంగతి.

నేరం విషయానికి వచ్చేసరికి దృష్టి మారిపోతుంది. నిర్లక్ష్యం వలన మరణం కలిగించడాన్ని నేరంగా పేర్కొన్న 304ఎ సెక్షను 1860 నాటి శిక్షాస్మృతిలో లేదు, 1870లో చేర్చారు. అది డ్రైవర్ల కోసమే రాసినది కాదు, ఎవరికైనా వర్తించేదే. కాని మరణానికి ప్రత్యక్షమైన, సన్నిహితమైన కారణం నిందితుడి చర్యే అయి ఉండాలన్నారు. 1960ల మధ్యలో కుర్బాన్ హుస్సేన్ కేసులో ఈ సూత్రం సుప్రీంకోర్టు ముందు పరీక్షకు నిలిచింది. బొంబాయిలోని ఒక రంగుల కర్మాగారంలో మంటలు చెలరేగి కార్మికులు మరణించారు. నిప్పునూ మండే ద్రవాలనూ ఒకే గదిలో ఉంచనిచ్చిన మేనేజరు, నిప్పు విషయంలో అజాగ్రత్తకు దోషిగా నిలిచినా, మరణాలకు మాత్రం దోషి కాలేదు. ఎందుకంటే చివరి క్షణపు తొందరపాటు ఒక కార్మికుడిది. చట్టం చివరి చేతిని చూస్తుంది. రోడ్డు మీద చివరి చేయి ఎప్పుడూ స్టీరింగు మీదే ఉంటుంది. సంకోచం లేకుండా ఒప్పుకోవలసిందేమంటే, దీనికి ఒక సమర్థన ఉన్నది: కారణాల గొలుసును ఎంత దూరమైనా లాగవచ్చునంటే ఏ పౌరుడికీ భద్రత ఉండదు. కాని ఆ సమర్థన జైలు శిక్షకు పెట్టిన హద్దే గాని మనస్సాక్షికి పెట్టిన హద్దు కాదు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ నేరానికి గరిష్ఠ శిక్షను రెండేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచింది. ఢీకొట్టి, పోలీసులకు గాని మేజిస్ట్రేటుకు గాని తెలుపకుండా పారిపోతే పదేళ్ళ దాకా అన్నది. ఆ నిబంధనపై 2024 జనవరిలోనే లారీ డ్రైవర్లు సమ్మె చేయగా, సంహిత అమలైన రోజున ఆ ఒక్క ఉపవిభాగాన్ని పక్కన ఉంచారు. ఆగితే జనం కొట్టి చంపుతారన్నది డ్రైవర్ల మొర. దీన్ని సాకు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం డ్రైవరు విధి అని చెబుతూనే, గుంపు ఆగ్రహం వలన సాధ్యం కానప్పుడు మినహాయింపు ఇస్తున్నానని 1988 నాటి మోటారు వాహనాల చట్టమే రాసుకున్నది. గుంపు దౌర్జన్యాన్ని వాతావరణం వలె సహజమైనదిగా చట్టం లెక్కలోకి తీసుకున్నదన్నమాట. రోడ్డు మీద రక్తమోడుతున్న మనిషిని ఆటోలోకి ఎక్కించడానికి కావలసిన నాలుగు చేతులు డ్రైవరు చొక్కా పట్టుకోవడంలో మునిగి ఉంటే, ఆ చేతుల బాధ్యత ఏ సెక్షను కిందికి వస్తుంది?

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అన్నది. అది అయిదుగురు గాని అంతకు మించి గాని కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒక్క లారీ యజమాని, ఒక్క కారు యజమాని దాని వెలుపలే ఉండేవారు. ఇక కార్యాలయాల వాహనాల సంగతి ఈ పత్రిక పాఠకుల్లో చాలామందికి స్వానుభవమే. పది గంటల సమావేశానికి అందుకోవాలని రాత్రికి రాత్రి మూడు వందల కిలోమీటర్లు నడిపించి, ఉదయం మనం అతిథిగృహంలో స్నానం చేస్తున్నప్పుడు డ్రైవరు ముందు సీటులో కాళ్ళు ముడుచుకుని కునుకు తీస్తాడు. మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం. 'కొంచెం తొందరగా పోనివ్వు' అన్నవాడు చేయించినవాడే గదా.

అటువంటి తిరుగు ప్రయాణానికి ముందు డ్రైవరును పిలిచి 'నిన్నటి నుంచి ఎన్ని గంటలు నిద్రపోయావు?' అని అడిగిన అధికారిని నా ఉద్యోగ జీవితంలో ఒక్కరినే చూశాను. డ్రైవరు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా నిలబడి, చివరకు 'ఎప్పుడూ ఎవరూ అడగలేదు సార్' అన్నాడు. ఆయన ప్రయాణాన్ని మరునాటికి వాయిదా వేశారు.