తెలిసిన నిజమును దాచవచ్చునా?

అసత్యమాడుట దోషమని అందరును అంగీకరింతురు. కాని తెలిసిన నిజమును చెప్పక మౌనము వహించుట దోషమగునా? నేడు జన్యుపరీక్ష ఈ ప్రశ్నను సామాన్య గృహస్థుని వాకిటికి తెచ్చినది.

కొండపల్లిలో ఒక కుటుంబమును ఊహింపుడు. దంపతులది మేనరికము. నెలల బిడ్డకు మెడ నిలువదు, పాలు త్రాగుటకే ఆయాసపడును, గుండె పెరిగియున్నది. విజయవాడ వైద్యులు పరీక్షలు చేయింపగా అది పాంపే వ్యాధియని తేలినది. ఇంతలో భర్త చెల్లెలిని భార్య తమ్మునికిచ్చి కుండమార్పిడి పెండ్లి చేయుటకు నిశ్చయమైనది. ‘ఈ మాట గడప దాటరాదు, పిల్ల పెండ్లి చెడిపోవును’ అని పెద్దలందురు. వారి భయము అకారణము కాదు. అయినను ఆ మౌనము ధర్మమేనా?

వ్యాధి స్వరూపము నెరిగిననే ధర్మము తెలియును. హాలండు వైద్యుడు పాంపే దీనిని 1932లో వర్ణించెను. శరీరము చక్కెరను గ్లైకోజెన్ రూపమున నిలువచేసికొనును. కణములలో దానిని విడగొట్టు ఎంజైములలో ఒకటి లోపించినచో అది పేరుకొని కండరములను, పసిబిడ్డలలో గుండెను సైతము, చెరచును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిసిననే రోగము వచ్చును. ఒకటి మాత్రమే కలవారు ఆరోగ్యవంతులే, వారిని వాహకులందురు. భార్యాభర్తలిద్దరును వాహకులైనచో ప్రతి కాన్పునందును రోగభయము నాలుగింట ఒకటి. పై కుటుంబమున వధూవరులలో ఒక్కొక్కరు వాహకులగుటకు సగము అవకాశమున్నది. ఒక రక్తపరీక్ష ఆ సందేహమును తీర్పగలదు.

కావున పెద్దల మౌనము పెండ్లిని కాపాడుచున్నట్లు తోచినను, పుట్టబోవు బిడ్డ రక్షణను హరించుచున్నది. ఈ వ్యాధికి 2006 నుండి ఎంజైము చికిత్స కలదు. ఎంత త్వరగా ఆరంభించిన అంత మేలు. భారత ప్రభుత్వపు 2021 నాటి అరుదైన వ్యాధుల విధానములో పాంపే వ్యాధి చేరియున్నది. ఆ విధానము క్రింద హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి., నిమ్స్ సంస్థలు కలిసి ఒక ప్రత్యేక కేంద్రముగా గుర్తింపబడినవి. ముందుగా తెలిసినవారికే ఇవి సకాలమున ఉపకరించును.

తెలియుట వలన కలుగు మేలునకు తెలుగునాటనే ఒక నిదర్శనము కలదు. శస్త్రచికిత్స వేళ కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిన్ అను మందు వాడుదురు. దానిని హరించు ఎంజైము లోపించినవారికి ఊపిరి తీయు కండరములు గంటల తరబడి కదలవు. ఆర్యవైశ్యులలో ఈ లోపము ఇతరులకంటె సుమారు 100 రెట్లు అధికమని హైదరాబాదు సి.సి.ఎం.బి., హార్వర్డు శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిన పరిశోధన పేర్కొన్నది. కొలదిమంది పూర్వులనుండి వృద్ధిచెంది, తమలో తామే వివాహములాడు సమూహములలో ఇట్టి లోపములు నిలిచిపోవును. ఇది ఒక్క కులమునకే చెందినది కాదు. ‘మా ఇంట ఈ లోపము కలదు’ అని మత్తువైద్యునికి చెప్పిన చాలును. అతడు వేరొక మందు వాడును. ఒక్క మాటతో ప్రాణము దక్కును.

ఐతే వినువారికిని ధర్మము కలదు. లోపపు జన్యువు పాపఫలము కాదు. అట్టివి కొన్నియైనను లేని మనుష్యుడు లేడు. వాహకురాలని కన్యను నిరాకరించువాడు తన రక్తమును పరీక్షించుకొనలేదన్నమాట. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో హరళయ్య కుమారునికి మధువరసుని కుమార్తెనిచ్చి శరణులు వివాహము జరిపించిరని సంప్రదాయము. పుట్టుకను బట్టి మనుష్యుని విలువ కట్టరాదన్నదే వారి భావము. కులము విషయమున చెల్లిన ఆ న్యాయము జన్యువు విషయమునను చెల్లవలెను.

నిజమును ఊరంతకు చాటనక్కరలేదు. అది రోగి గుట్టును బయలుపెట్టుటయే యగును. ఎవరి బిడ్డలకు దానితో నిమిత్తమున్నదో వారికి, పెండ్లికి పూర్వమే, వైద్యుని సమక్షమున నెమ్మదిగా చెప్పవలెను. ఆ పిదప పరీక్ష చేయించుకొనుట, పెండ్లియాడుట, మానుట వధూవరుల యిష్టము. వారికి తెలియకుండ వారి పక్షమున నిర్ణయించు అధికారము పెద్దలకు లేదు.