రాయి లేనివాళ్లు

గోరంట్ల దగ్గరి తాండా పిల్లలను బందరు తీసుకుపోయాం. వాళ్లు సముద్రం చూడడం అదే మొదటిసారి. అయినా ఎక్కువసేపు నిలబడింది డచ్చివారి సమాధుల దగ్గర. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే చనిపోయినవాళ్ల పేర్లు, తేదీలు రాళ్ల మీద ఇంకా ఉన్నాయి.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది పోయారని చెప్పాం. "వాళ్ల రాళ్లేవి సార్?" అని ఒక పాప అడిగింది.

రాయి డబ్బున్నవాళ్లు పెట్టుకునేది. అది లేనంత మాత్రాన బతుకు చిన్నదైపోదు. మన సుగాలి పెద్దలు తూర్పు తీరపు ఉప్పును ఎద్దుల మీద మెట్టసీమలకు మోశారు. రైళ్లు వచ్చాక ఆ బేరం పోయింది. ఎంతమంది తిన్న కూటిలో వాళ్లు మోసిన ఉప్పు ఉందో! ఆ మోతకు రాయి లేదు. మరి మరిచిపోయిన తప్పు ఎవరిది? డచ్చివారు వచ్చిన సంగతి పాఠంగా చెప్పిన మేమే ఆ ఉప్పు సంగతి ఏనాడూ చెప్పలేదు.

తిరిగొచ్చాక ఇంటి పెద్దల పేర్లు రాసుకు రమ్మన్నాం. చాలామంది నోటుబుక్కుల్లో ముత్తాత దగ్గరే పేర్లు ఆగిపోయాయి. మాకు తెలిసిందీ అంతే. తాండాలో ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే అడగాలి. పోయినవాళ్లకు మనం తీర్చగలిగిన బాకీ అదొక్కటే.