లేమిని తెలుసుకోవడం ఎలా?

ఒక వస్తువు ఉన్నదని తెలియడానికి కన్ను చాలు. అది లేదని తెలియడానికి సాధనం ఏది అన్న ప్రశ్న మీద మన దార్శనికులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. కుమారిల భట్టును అనుసరించిన మీమాంసకులు, వస్తువు కనబడకపోవడమే దాని లేమిని తెలిపే ప్రత్యేక ప్రమాణమని చెప్పి, దానిని అనుపలబ్ధి అన్నారు. నైయాయికులు ఇందుకు ఒప్పుకోక, నేలను చూసే కన్నే నేలపై కుండ లేకపోవడాన్ని కూడా చూస్తుందని, కనబడకపోవడం ఆ చూపునకు సహకారి మాత్రమేనని వాదించారు. అయితే ఇరుపక్షాలూ ఒక నియమం దగ్గర కలుస్తాయి: అక్కడే ఉండి ఉంటే తప్పక కనబడేది అనదగిన వస్తువు విషయంలోనే, కనబడకపోవడం దాని లేమికి సాక్ష్యమవుతుంది. ఇదే యోగ్యానుపలబ్ధి. చీకటి గదిలో కుండ కనబడలేదు కనుక అక్కడ కుండ లేదని తేల్చడం ఎవరికీ సమ్మతం కాదు.

చీకటి కూడా ఈ వాదంలో భాగమే. నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లులో, కందూరు చోడుల కాలంలో నిర్మించిన ఛాయాసోమేశ్వరాలయం మూడు గర్భగుడులు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటాలయం. అందులో శివలింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభాకారపు నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు ఆకాశంలో ఎంత జరిగినా అది జరగదు. గర్భగుడిలోకి నేరుగా ఎండ పడదు. బయట చెదిరి లోపలికి వచ్చే వెలుగును మండప స్తంభాలు అడ్డగించడం వల్ల ఆ నీడ ఏర్పడుతున్నదని భౌతికశాస్త్రం వివరిస్తుంది. అలాంటి నీడ ఒక వస్తువా, వెలుగు లేకపోవడమా? చీకటికి నలుపు రంగు, కదలిక ఉన్నాయి కనుక అది ద్రవ్యమేనని కుమారిలుని అనుయాయులైన భాట్టులన్నారు. తెలుగువాడైన నైయాయికుడు అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో దీనిని పూర్వపక్షంగా ఎత్తుకొని, చీకటి పదవ ద్రవ్యం కాదని, తేజస్సు లేకపోవడమేనని సిద్ధాంతీకరించాడు.

ఇదే వివాదం నేటి ఖగోళశాస్త్రంలో, ఆ దార్శనికులు ఊహించని పరిమాణంలో, మళ్ళీ ఎదురవుతున్నది. కొన్ని గెలాక్సీల కేంద్రంలోని మహాకృష్ణబిలం రెండు ఎదురెదురు దిక్కులకు కాంతివేగానికి చేరువైన వేగంతో కణధారలను వెదజల్లుతుంది; అవి గెలాక్సీని దాటి వెళ్ళి, అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ రేడియో తరంగాలను వెలువరించే బ్రహ్మాండమైన మేఘాలుగా విస్తరిస్తాయి. ఇవే రేడియో గెలాక్సీలు. సిగ్నస్ ఎ నుంచి వచ్చే రేడియో తరంగాలు నడిమి గెలాక్సీ నుంచి కాక, దానికి ఇరువైపులా ఉన్న రెండు ప్రాంతాల నుంచి వస్తున్నాయని 1953లో జెన్నిసన్, భారతీయుడైన మృణాల్ కుమార్ దాస్‌గుప్తా చూపారు. ఇలాంటి గెలాక్సీలు ఎన్నో గెలాక్సీ గుచ్ఛాల మధ్యలో ఉంటాయి. గుచ్ఛాన్నంతా నింపే పలుచని వాయువు కోట్ల డిగ్రీల వేడితో ఎక్స్-కిరణాలలో వెలుగుతుంది. ఎక్స్-కిరణాలను భూవాతావరణం ఆపేస్తుంది కనుక ఉపగ్రహాలు పైకి వెళ్ళేదాకా ఈ వాయువు మనిషి చూపుకు యోగ్యమే కాలేదు.

సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీదుగా 1999లో ప్రయోగించిన చంద్ర దూరదర్శిని ఆ వాయువును నిశితంగా చూసినప్పుడు, పెర్సియస్ గుచ్ఛంలో వెలుగు తగ్గిన రెండు గుంతలు స్పష్టంగా కనిపించాయి. ఎంఎస్ 0735 అనే గుచ్ఛంలోనైతే ఒక్కొక్క గుంత వెడల్పు దాదాపు 6 లక్షల కాంతి సంవత్సరాలు. ఎక్స్-కిరణ చిత్రం మీద రేడియో చిత్రాన్ని పరిస్తే, గుంత ఉన్న చోటనే రేడియో మేఘం అమరుతుంది: కణధారలు వేడి వాయువును పక్కకు నెట్టి ఆ చోటును ఆక్రమించాయన్న మాట. ఎంత వాయువు తొలగిందో లెక్కిస్తే, ధారలు చేసిన పని ఎంతో తెలుస్తుంది. చల్లారి విస్తారంగా నక్షత్రాలుగా మారవలసిన వాయువు అలా మారకపోవడానికి కారణం కూడా ప్రధానంగా ఆ శక్తేనని తేలింది. ఒక లేమి నుంచి ఇంత జ్ఞానం పుట్టడం తత్త్వశాస్త్రానికి చిన్న విషయం కాదు. ఇక్కడ అన్నంభట్టు మాట కొంతవరకే చెల్లుతుంది. గుంత ఒక తేజస్సుకు అభావమే అయినా, మరొక తేజస్సుకు నిండు నివాసం. నైయాయికుల కన్ను కూడా ఇక్కడ చాలదు. పరికరానికి అందేది కొన్ని కిరణాలు మాత్రమే. చుట్టుపక్కల వెలుగును బట్టి ఇంకా ఎన్ని రావలసి ఉండెనో లెక్క వేసినప్పుడే లోటు తెలుస్తుంది కనుక, ఈ సందర్భంలో భాట్టుల పక్షమే బలంగా తోస్తుంది.

ఇంకొక మెలిక ఉంది. కొన్ని గుంతలలో రేడియో వెలుగు కూడా మొదట కనబడలేదు; వాటిని భూతగుంతలన్నారు. అధికశక్తి గల ఎలక్ట్రాన్లు ముందుగా శక్తిని కోల్పోతాయి గనుక, ఎక్కువ పౌనఃపున్యంలో వెతికినవారికి అవి శూన్యంగా తోచాయి. తక్కువ పౌనఃపున్యంలో చూసినప్పుడు, పాతబడిన కణాల మసక జాడ కొన్నింటిలో బయటపడింది. తొలి అన్వేషకులకు కనబడకపోవడం నిజమే, కాని అది యోగ్యానుపలబ్ధి కాదు. తక్కువ పౌనఃపున్యాల కోసమే పుణె సమీపంలోని ఖోడద్ ప్రాంతంలో 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెనాలను నెలకొల్పారు.

యోగ్యానుపలబ్ధి నియమాన్ని ఈశ్వరుని విషయంలో అత్యంత శ్రద్ధగా ప్రయోగించినవాడు పదవ శతాబ్దపు ఉదయనాచార్యుడు. ఈశ్వరుడు ఇంద్రియాలకు యోగ్యుడు కాడు గనుక, కనబడకపోవడం ఆయన లేడనడానికి హేతువు కాదని న్యాయకుసుమాంజలిలో ఆయన నిరూపించబూనాడు. ఆ వాదం నిలుస్తుంది. అయితే అది తొలగించేది నాస్తికుని హేతువునే తప్ప, ఆస్తికుని సాధ్యాన్ని స్థాపించదు. భూతగుంతల విషయంలో కొత్త పరికరం అయోగ్యాన్ని యోగ్యం చేసింది. ఈశ్వరుని విషయంలో అయోగ్యత స్వభావసిద్ధమని ఒప్పుకున్న ఉదయనుడికి ఆ దారి లేదు. అందుకే జగత్తు కార్యం కనుక దానికి కర్త ఉండాలన్న అనుమానాన్ని ఆయన అదే గ్రంథంలో వేరుగా నిర్మించుకోవలసి వచ్చింది.