పశువునకు స్వామి యెవడు?

మార్కాపుర చెన్నకేశవుని సేవించి త్రిపురాంతకము వైపు పోవు యాత్రికునకు, మోయలేని బరువు లాగు ఎద్దును ములుగర్రతో పొడుచు బండివాడు ఎదురుపడవచ్చును. “నా యెద్దు, నా యిష్టము” అని వాడు బదులు పలుకవచ్చును.

మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో స్వామిపాల వివాదము ఒకటి. కాపరి అశ్రద్ధచే పశువు నశించినచో కాపరియే బాధ్యుడు. స్వామియే హింసించినచో? వైష్ణవునకు ఈ ప్రశ్న కఠినము కాదు. సర్వస్వామి శ్రియఃపతి, గృహస్థుడు కాపరి మాత్రమే. తగని కాపరిని మందనుండి తప్పించుట అన్యాయమెట్లగును?

1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 29వ విభాగమున, దోషిగా తేలినవానిని కొంతకాలము గాని శాశ్వతముగా గాని పశుపోషణకు దూరముగా నుంచు అధికారమును న్యాయస్థానమునకు ఒసగినది. ఒక్కమారు కోపమున కొట్టినంతనే కాదు. పూర్వపు శిక్షయో, నడవడియో చూచి, మరల హింస తప్పదని తోచినప్పుడే. ఇంతవరకు బాగున్నది. కాని ఆ పశువును పెంచుటకు లైసెన్సు కావలసిన ప్రాంతముననే నేరము జరిగియుండవలెనట! పల్లెలో ఎద్దును కట్టుకొనుటకు లైసెన్సు పొందు రైతెక్కడ? ఇక మొదటి నేరమునకు జరిమానా 10 మొదలు 50 రూపాయలే.

ఎద్దులు పోయిన పేదయింట పొయ్యి రాజునా యని కొందరందురు. త్రోసివేయరాని మాట. మెట్టసేద్యపు సీమలో ఆ బాధ అందరెరిగినదే. అయితే ఈ నిషేధము ఆ మనుజునకే గాని యింటికి కాదు; దయగల తమ్ముడు కాడి పట్టవచ్చును. తమ్ముడు ఊరలేనినాడు పగ్గము ఎవరి చేతికి పోవునో కనిపెట్టవలసినవారు ఇరుగుపొరుగువారే.