తెర మీది సాక్ష్యము, ముఖాముఖి సహవాసము

యోహాను వ్రాసిన రెండవ పత్రిక మిక్కిలి చిన్నది. పదమూడు వచనములే కలవు. దాని పన్నెండవ వచనములో ఆ పెద్ద ఒక సంగతి ఒప్పుకొనుచున్నాడు. వ్రాయవలసినవి అనేకములున్నను వాటిని సిరాతో కాగితము మీద పెట్టుటకు ఆయనకు మనస్సు లేదు. తానే వచ్చి ఎదుట కూర్చుండి మాటలాడిననే సంతోషము పరిపూర్ణమగునని ఆయన నిరీక్షణ. అయినను ఆయన పత్రిక వ్రాయక మానలేదు. ఉత్తరము అవసరమే, ఉత్తరము చాలదు. ఈ రెండు మాటలును ఒక్కచోట నిలిచియున్నవి.

నేడు సిరాకు బదులు ఇంటర్నెట్టు వచ్చినది. విశ్వాసమును దాని ద్వారా పంచవచ్చునా అను ప్రశ్న ఇంచుమించు తీరిపోయినది. ఏమి పంచవచ్చును, ఏమి పంచజాలము అను ప్రశ్న మాత్రము మిగిలియున్నది. ఈ విషయమై రోమను కతోలిక సంఘపు అనుభవము ప్రొటెస్టెంటు విశ్వాసులకును యోచింపదగినది.

ఆ సంఘము ఈ మార్గమున నిన్న మొన్న అడుగుపెట్టినది కాదు. 1931 ఫిబ్రవరి 12న పోపు 11వ పయస్ మార్కోనీ నిర్మించిన వాటికన్ రేడియోను ప్రారంభించెను. 1963లో రెండవ వాటికన్ మహాసభ ప్రసార సాధనములను గూర్చి ప్రత్యేక శాసనము చేసెను. మనీలాలోని రేడియో వెరితాస్ ఏషియా 1969 మొదలుకొని ఆసియా ప్రజలకు ప్రసారములు చేసినది. ఆ భాషలలో తెలుగును చేరినది. 2018లో అది షార్ట్‌వేవ్‌ను విడిచి ఇంటర్నెట్టుకు మరలినది. 2012 డిసెంబరు 12న పోపు 16వ బెనెడిక్టు ట్విట్టరులో తన మొదటి సందేశము పంపెను.

అయితే ఈ విషయములో ఆ సంఘము ముందు నిలిపిన మాదిరి పోపు కాదు, పండితుడు కాదు, ఒక బాలుడు. కార్లో అకూటిస్ 1991 మే 3న లండనులో జన్మించి ఇటలీలోని మిలాను నగరములో పెరిగెను. కంప్యూటరు విద్యలో నేర్పరియై, దివ్యసత్ప్రసాదమునకు సంబంధించినవని తన సంఘము చెప్పుకొను అద్భుతముల వివరములను పోగుచేసి ఇంటర్నెట్టులో ఉంచెను. 2006 అక్టోబరు 12న రక్తక్యాన్సరుతో పదునైదవ యేట మరణించెను. 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో అతనిని పునీతునిగా ప్రకటించెను.

ఆ అద్భుతములను గూర్చియు, పునీతుల ప్రార్థనా సహాయమును గూర్చియు ప్రొటెస్టెంటు విశ్వాసి భిన్నాభిప్రాయము కలిగియుండును. ఆ భేదము చిన్నది కాదు, దానిని దాచవలసిన పనియు లేదు. కాని ఆ బాలుని జీవితములో ఒక సంగతి గమనింపదగినది. వారి ఇంటిలో పనిచేయుచుండిన మారిషస్ దేశస్థుడొకడు హిందూ కుటుంబమున పుట్టినవాడు. అతడు కార్లోను బట్టియే బాప్తిస్మము పొందెనని చెప్పియున్నాడు. అతనిని కదిలించినది తెర మీది జాబితా కాదు. ఒకే కప్పు క్రింద ఆ బాలుడు పనివానితో మాటలాడిన తీరు, బీదలను చూచిన చూపు, అనుదిన ప్రార్థన అతనిని కదిలించెను. తెర దూరస్థులకు వర్తమానము మోసినది. ఇల్లు సమీపస్థునికి సాక్ష్యమైనది.

వర్తమానము వేరు, సాక్ష్యము వేరు. వర్తమానమును యంత్రము మోయగలదు. సాక్షి మాత్రము తన ప్రాణము, తన కాలము, తన పేరు దానికి జామీను పెట్టవలెను. రోమను కతోలిక సంఘము 2002లో ఇంటర్నెట్టును గూర్చి వెలువరించిన పత్రము ఈ సాధనమును ఆదరించుచునే, దానిలో సంస్కారములు లేవని తేటగా చెప్పినది. 2020లో మహమ్మారి వలన ఆలయముల తలుపులు మూయబడినప్పుడు ఈ మాట పరీక్షకు వచ్చినది. ఆ దినములలో అనేక ప్రొటెస్టెంటు సంఘములలోను ఇదే తర్జనభర్జన జరిగినది. ఎవరి ఇంట వారు తెర యెదుట రొట్టెయు పాత్రయు తీసికొనిన యెడల అది ప్రభువు బల్ల అగునా? కొందరు అగుననిరి, కొందరు కాదనిరి.

దూరమునుండి పొందునదంతయు నీడయే అనుట సరికాదు. కపెర్నహూములో శతాధిపతి దాసుడు ప్రభువును చూడకయే స్వస్థుడాయెను. మంచము పట్టిన వృద్ధురాలు చేతిఫోనులో వాక్యము విని ఓదార్పు పొందిన యెడల ఆ ఓదార్పు నిజమైనదే. కాని ఆ దాసుని కొరకు వేదనపడి, ప్రభువు నాశ్రయించిన యజమానుడొకడు ఉండెను. దూరము ప్రేమకు అడ్డము కాలేదు. ఏలయనగా ప్రేమ ముందే బయలుదేరినది. చేరలేని వానికి దూరము ఒక కష్టము. చేరగలిగియు చేరనొల్లని వానికి అది ఒక సాకు. ఆ వృద్ధురాలి వీధిలోనే కాపురముండి, ఆమెకు ప్రతి ఉదయము వాక్యము పంపుచు, ఒక్కనాడైనను ఆమె గడప త్రొక్కని విశ్వాసి దేనిని పంచుచున్నాడు?

2023లో వాటికన్ ప్రసార శాఖ సామాజిక మాధ్యమములను గూర్చిన పత్రమును మంచి సమరయుని ఉపమానముపై కట్టుట ఇందువలననే తగియున్నది. యాజకుడును లేవీయుడును గాయపడినవానిని చూచిరి. చూచుట వారిలో లోపము కాలేదు. ప్రక్కగా పోవుట లోపమాయెను. నేటి తెర ఒక్క గడియలో నూరుమంది గాయపడినవారిని చూపి, నూరుమారులు ప్రక్కగా పోవుటకు వ్రేలిని అలవాటు చేయుచున్నది.

మరియొక అపాయము కలదు. తెర మీద కతోలికులును ప్రొటెస్టెంటులును ఒకరినొకరు దూషించుకొనుట సువార్తసేవ అని పిలువబడుచున్నది. ఎదుటివాడు నమ్మని దానిని వాడు నమ్మెనని ప్రచురించుట అబద్ధ సాక్ష్యమే. సిద్ధాంతాభిమానము దానిని కడుగజాలదు. భేదమును చెప్పవలసినవాడు మొదట ఎదుటివాని మాటను, వాడు ఔనని తల ఊపునట్లు చెప్పగలిగియుండవలెను. ఎదురుగా కూర్చున్న మనుష్యునితో మాటలాడునప్పుడు ఆ న్యాయము కొంత సులువుగా వచ్చును. ముఖము కనబడనిచోట దానిని ప్రయత్నపూర్వకముగా అభ్యసింపవలెను.

కావున సాధనమును విడువనక్కరలేదు, పూజింపనక్కరలేదు. తెరను చూచి దూరపు ఊరిలో ఒకడు రాత్రివేళ ప్రార్థనకొరకు వ్రాసిన యెడల, వానికి మరియొక ప్రసంగము పంపుటతో పని ముగియదు. వాని ఊరిలో ఏ సంఘమున్నది, ఏ విశ్వాసి మరునాడు వాని తలుపు తట్టగలడు అని విచారింపవలెను. ఆ తలుపు తట్టబడిననాడే ఆ రాత్రి పంపబడిన మాట తన పనిని నెరవేర్చినదగును.