దరువెవ్వరిది?

ఒకని చేతి పనితనమును మఱియొకడు విని, నేర్చి, తిరిగి పలికించుట తప్పా? తప్పు కాదని యెల్లరు నొప్పుకొందురు. తప్పే యైనచో లోకమున విద్య యన్నదే యుండదు. మృదంగము నేర్చు బాలుడు గురువు పలికిన జతినే తానును పలుకును; గురువు చేయి పడినచోటనే తన చేయి వేయును. కాని నేర్చినది బాలుడు గాక యంత్రమైనప్పుడు, నేర్పినవాని పేరు ఆ యంత్రమున నెచ్చటను లేనప్పుడు, అతని కూలి సయితము ఆ యంత్రముతోనే పోయినప్పుడు, మన యొప్పుదల యట్లే నిలుచునా? ఈ ప్రశ్న సంగీత విద్వాంసులకు మాత్రమే చెందినది కాదు. పెండ్లికి మేళము కుదుర్చుకొను ప్రతి గృహస్థునకును, ప్రతి గృహిణికిని చెందినది. అందుచేతనే దీనిని చదువరుల యెదుట పెట్టుచున్నాము.

యంత్రమనగా నేమో ముందుగ చెప్పవలెను. 1980 లో రెండు యంత్రములు పుట్టినవి. అమెరికాలో రోజర్ లిన్ నిర్మించిన ఎల్ఎమ్-1 నిజమైన వాద్యముల దెబ్బలను ఒక్కొక్కటిగ పట్టి నిలువచేసికొని, మీట నొక్కినప్పుడు వానినే వినిపించెడిది. జపానులో రోలాండు సంస్థవారు చేసిన టిఆర్-808 ఎవ్వరి దెబ్బను పట్టలేదు. విద్యుత్తుతోనే దెబ్బవంటి ధ్వనిని పుట్టించెడిది. దాని ముఖమున పదునాఱు మీటలు వరుసగ నుండును. ఏ గడిలో దెబ్బ పడవలెనో ఆ మీట నొక్కిన చాలును, తాళము దానంతట నదియే తిరుగుచుండును. సుమారు 12,000 యంత్రములు చేసి 1983 లో దానిని ఆపివేసిరి. పిమ్మట పాతసరుకు దుకాణములలో చవుకగ దొరకి, పేదపిల్లల చేతికి వచ్చి, ఒక క్రొత్త సంగీతమునకే అది తల్లి యైనది. మన దేశమునను బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగు 1982 లో ఆ యంత్రమునే ప్రక్కన పెట్టుకొని పది రాగములను రికార్డు చేసెను. అదే రోలాండు సంస్థనుండి 1985 లో ఆక్టాపాడు వచ్చినది. ఎనిమిది గడుల పలక, పుల్లలతో కొట్టునది. తరువాత వచ్చిన రకములలో మనకు కావలసిన ధ్వనిని గడిగడికి నింపుకొనవచ్చును. మన పెండ్లిపందిళ్లలో కుఱ్ఱవాండ్రు ప్యాడని పిలుచునది ఈ జాతిదే.

అనుకరణమును గూర్చి తలపోయుటకు కొండపల్లికంటె తగిన యూరు మాకు కనబడలేదు. బెజవాడకు వాయవ్యమున, కోట క్రింద, అనుకరణమే జీవనముగ పెక్కు కుటుంబము లచ్చట బ్రదుకుచున్నవి. కొండమీది తెల్లపొణికి కఱ్ఱను తెచ్చి, సెగను చూపి తడి నార్చి, చేతులు వేఱు, కాళ్లు వేఱు, తల వేఱుగ చెక్కి, ఱంపపుపొట్టును చింతగింజల జిగురును కలిపిన మక్కుతో అతికి రంగు వేయుదురు. కల్లుగీయువాడు, దంచు స్త్రీ, బండి తోలువాడు, మేళగాండ్రు, అందఱును కొయ్యయై నిలుతురు. డోలు వాయించు బొమ్మను చేతబట్టి చూడుడు. ఆ భుజము వంపు, ఆ మెడ యొఱగు ఒక మనిషినుండి తీసికొన్నవే. ఆ మనిషి కెవ్వరును రుసుము చెల్లించి యుండరు. అయినను బొమ్మను చూచి యన్యాయమని యెవ్వరు ననరు. ఏమికారణము?

కొయ్యడోలును ఎవ్వరును పెండ్లికి పిలువరు గనుక. బొమ్మ వాద్యగాని రూపమును తీసికొన్నదే కాని అతని చోటును తీసికొనలేదు. పైగా దానిని చూచిన పసివాడు నిజమైన డోలుగాడు కనబడినప్పుడు అదిగో యని పరుగెత్తును. యంత్రమట్లు కాదు. అది వాద్యగాడు నిలువవలసినచోటనే నిలుచును; అతనికి రావలసిన సొమ్ములో కొంత దానికి పోవును. భేదము ఇచ్చటనే కలదు కాని కొయ్యలోను విద్యుత్తులోను లేదు. ఇంకొక మాట. కొండపల్లి బొమ్మకు ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు కలదు. వేఱొకచోట చేసిన సరుకును ఆ పేరుతో అమ్మరాదని దాని యర్థము. పేరును కాపాడుకొనుట అన్నముతో ముడివడిన సంగతి యని ఆ యూరు అనుభవముచే నెఱిగినది. మనుష్యులను అనుకరించి బ్రదుకు వారే తమ్ము నితరు లనుకరించినచో నష్టమని మొఱపెట్టుకొనిరి. ఆ మొఱ న్యాయమే. అయితే ఆ బొమ్మలలో డోలు మోయువానికి అట్టి గుర్తింపు నిచ్చువా రెవ్వరు?

ఇంతటితో యంత్రమును త్రోసివేయవలెనని మేము చెప్పుచున్నామని యెవ్వరు ననుకొనరాదు. పాత దరువును యంత్రముమీద తిరిగి కట్టుట మీట నొక్కినంత సులభము కాదు. పదునాఱు గడులలో దెబ్బలను సరిగ్గా పేర్చినను పాత పాటలోని నడక రాదు. గడియారపు చప్పుడే వచ్చును. ఏల యనగా మనుష్యుని చేయి గడి నడుమ సూటిగ పడదు. ఒక దెబ్బ వెండ్రుకవాసి ముందు, ఒకటి వెనుక. లిన్ తన యంత్రములో జంటలోని రెండవ చిఱుదెబ్బను కొంచెము జాపునట్లు ఒక యేర్పాటు చేసినది ఇందుకే. 1969 లో జేమ్స్ బ్రౌను బృందమున క్లైడ్ స్టబుల్‌ఫీల్డు వాయించిన ‘ఫంకీ డ్రమ్మర్’ దరువును అనుకరింప జూచినవారికి తెలియును: పెద్ద దెబ్బల నడుమ వినియు వినబడని చిఱుదెబ్బ లెన్నియో కలవు, వానిని తీసివేసిన దరువు చచ్చిపోవును. మన డప్పునందును అంతే. చిటికెన పుల్ల ఎడతెగక సన్నముగ పలుకుచుండగా సిఱ్ఱ బరువైన దెబ్బ వేయును. తిశ్రగతిని నడచు దరువును చతురశ్రపు గడులలో కుక్కినచో కాలు పడదు. డప్పును మంటకు కాచినప్పుడు చర్మము బిగిసి శ్రుతి పెరుగును, చల్లారిన కొలది దిగును; వాయించువాడు ఆ దిగుటను చేతితో సర్దుకొనును. యంత్రములోని దెబ్బ ఎన్నటికిని చల్లారదు. ఈ భేదముల నన్నిటిని పట్టుకొని తిరిగి కట్టవలెననిన పిల్లవాడు ఒక్క దరువును నూఱుమాఱులు వినవలెను. అట్టి వినికిడి శుశ్రూషయే. కొండపల్లి ప్రాంతమున నొక పెండ్లిలో ప్యాడు వాయించిన యువకుని మే మెఱుగుదుము. ఒక జాతర దరువు నడక చిక్కుటకు తాను రాత్రులు మేలుకొంటినని అతడు చెప్పెను. అతని శ్రద్ధయందు మాకు సందేహము లేదు. ఆ దరువు నెవ్వరు వాయించిరని యడిగితిమి. ఎవ్వరో యిచ్చిన ముక్క, పేరు తెలియదని యనెను.

పేరు తెలియదు! ఈ రెండు మాటలలోనే వ్యవహారమంతయు నున్నది.

అమెరికాలో నిది ఎంతవఱకు పోయినదో చూడుడు. 1969 లో విన్‌స్టన్స్ అను బృందమువారి ‘ఆమెన్ బ్రదర్’ పాటలో గ్రెగరీ కోల్మన్ ఒంటరిగ వాయించిన దరువు ఆఱేడు క్షణములు. ఆ ఆఱేడు క్షణములను కత్తిరించి, త్రిప్పి, వేలకొలది పాటలలో వాడుకొనిరి. దానిమీదనే సంగీతశాఖలు లేచినవి. కోల్మనుకు దమ్మిడీ ముట్టలేదు. నిలువనీడ లేని స్థితిలో 2006 లో మరణించెను. 2015 లో కొందఱు చందాలు వేసి 24,000 పౌనులు ఆ బృందనాయకుడైన రిచర్డు స్పెన్సరునకు పంపిరి. మెచ్చుకొనదగినదే, కాని వాయించిన చేయి అప్పటికే లేదు. స్టబుల్‌ఫీల్డు 2017 వఱకు జీవించెను. అతని దరువు నెన్నియో పాటలలో వాడుకొన్నను ఆ పాటలలో భాగము అతనికి రాలేదు. కారణము సామాన్యమే. పాటకు కర్తృత్వము రచయితకు, స్వరకర్తకు నుండును. దరువు వాయించినవాడు ఆనాటి కూలి పుచ్చుకొని పోవలెను.

మన చట్టము కొంత ముందడుగు వేసినది. 1957 నాటి కాపీరైటు చట్టమున 1994 లో వాద్యకారులకు, గాయకులకు హక్కులు చేర్చిరి. తన ప్రదర్శనమునకు తన పేరు చెప్పుమని కోరు హక్కును 2012 లో చేర్చిరి. మంచిదే. కాని హక్కు కోరుటకు ముందు పేరుండవలెను. మృదంగ విద్వాంసుని పేరు సభాపత్రికలో అచ్చుపడును. బెజవాడ రేడియోలో వాయించిన దండమూడి రామమోహనరావుగారి పేరు వినికిడిగల ప్రతి యింటను తెలియును. డప్పు వాయించినవాని పేరు నేపత్రికలో చూచితిమి? పెండ్లి లెక్కలపుస్తకము తీసి చూడుడు. పురోహితునకు పేరున్నది, ఛాయాగ్రాహకునకు పేరున్నది. తరువాత ‘డప్పులు’ అని యొక పద్దు. వాయించినవారు బహువచనములో మునిగిపోయిరి.

కాబట్టి పేరు చెఱిపినది యంత్రమనుట సత్యము కాదు. యంత్రము రాకముందే మనము చెఱిపితిమి. తరతరములు మాదిగవారిచేత చావునకు, చాటింపునకు, జాతరకు డప్పు కొట్టించుకొని, వాకిటి యవతల నిలిపి, గింజలు దూరమునుండి పోసితిమి. వారి విద్యను విద్య యని పిలువలేదు. ఇప్పు డా విద్య ప్యాడు గడిలోనికి వచ్చినంతనే అది ‘బీటు’ అయినది. చలువమండపములోనికి ప్రవేశము దొరకినది. చర్మమునకు లేని ప్రవేశము ధ్వనికి కలిగినది! డప్పు కావలెను, డప్పు కొట్టువాడు రాగూడదు అను మన పాతకోరికను ఇంత చక్కగ నెరవేర్చిన సాధన మిదివఱకు లేదు. అంటరానితనము పోయినదని సంతసించు గృహములలో ఈ నూతనమైన మడి నెవ్వరైన గుర్తించుచున్నారా?

దీనికి గట్టి ప్రత్యుత్తర మొకటి కలదు. దానిని చెప్పువారు డప్పు పుట్టిన యిండ్లలోని చదువుకొన్న బిడ్డలే. మా తాత శవము ముందు కొట్టెను, మా తండ్రి కొట్టెను, మేము కొట్టము. మీకు చప్పుడు కావలెనన్న యంత్రమును తెచ్చుకొనుడని వారందురు. వారి మాటలో న్యాయ మున్నది. కళ యని పేరుపెట్టి ఒక కులమును వెట్టికి కట్టివేయుట కళాపోషణము కాదు. ఆ వెట్టిని యంత్రము తీర్చినచో దానికి నమస్కరింపవలసినదే. సంప్రదాయము పోవుచున్నదని కన్నీరు కార్చు పెద్దలు తమ కుమారునికి డప్పు నేర్పింతురా యని యడిగిన చాలును, వారి కన్నీరు ఆఱిపోవును.

అయినను ఈ ప్రత్యుత్తరము సగము దూరమే పోవును. 1994 లో ప్రకాశము జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోర యుద్యమము డప్పును దాచుకొనలేదు. దానినే తన పేరుగ, తన గుర్తుగ ధరించినది. అవమానము వాద్యములో లేదనియు వాయించుమని యాజ్ఞాపించిన నోటిలో నున్నదనియు దాని తాత్పర్యము. మాననెంచినవాడు మానుటయు, వాయింపనెంచినవాడు తలయెత్తుకొని వాయించుటయు, రెండును స్వేచ్ఛయే. యంత్రము మొదటివానికి సాయము చేసినది. రెండవవాని సంగతి యేమి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డప్పు కళాకారుల పింఛనును 2024 లో నెలకు 4,000 రూపాయలు చేసినది. ముదిమిలో నది యక్కఱకు వచ్చును. అయితే పింఛను బ్రతుకును నిలుపును, వృత్తిని నిలుపదు. వాయించుటకు పిలుపు రావలెను.

పిలుచువారము మనమే. ప్యాడు కుఱ్ఱవానితో తగవు పెట్టుకొనవలసిన పని లేదు. అతనిని, అతడు విని నేర్చిన చేతిని ఒకే పందిటిలో నిలుపుడు. ఒకే పంక్తిలో భోజనము పెట్టుడు. ఒకే రీతిని కూలి యిండు. లెక్కలపుస్తకమున నిద్దఱి పేర్లు వ్రాయుడు. అప్పుడా యువకుడు తన గడిలో నిలిచిన ముక్క ఎంత పాక్షికమో తానే వినును. ఆ పెద్దయును తన దెబ్బ ఎంతదూరము ప్రయాణము చేసినదో చూచును. ధ్వనిని పట్టుకొని పోవువారు వాయించినవాని పేరును దానితోపాటు వ్రాసికొనుట కాగితమైన అక్కఱలేని పని; యంత్రములోనే వ్రాయవచ్చును.

ఒక చిన్న యిబ్బంది మాత్రము కలదు, దానిని ముందుగనే తలచుకొనుట మేలు. నేటి కల్యాణమండపములలో పలుచోట్ల నిప్పు వేయనీయరు. కాచని డప్పు తడిగుడ్డవలె పలుకును; వచ్చినవాడు తన తప్పు లేకయే చులకన యగును. అందుచేత మండపము కుదుర్చుకొనునాడే, వంటసాలకును వాహనములు నిలుపు తావునకును బేరమాడునప్పుడే, వెనుక దొడ్డిలో నాలుగు కొబ్బరిమట్టలు మండించుకొనుటకు చోటడిగి పుచ్చుకొనవలెను.